అడుగున పెట్టిన ఫొటో

స్టూడియోకి వచ్చేవాళ్లందరికీ ఆమె టచప్ అక్క. ముందుగదిలో లైట్లు, తెరలు, గుండ్రంగా తిరిగే స్టూలు, "గడ్డం కొంచెం కిందికి" అని అరిచే ఫొటోగ్రాఫరు. వెనకగదిలో, కిటికీ కూడా లేని చోట, ఒక కంప్యూటరు, దాని ముందు ఆమె. జనం ముందుగదిలో కూర్చుని వెళ్లిపోయేవాళ్లు గానీ, మనుషులు తయారయ్యేది మాత్రం వెనకగదిలోనే. మొటిమలు మాయం చేయడం, కోటు లేనివాడికి కోటు తొడగడం, పెళ్లి గ్రూపు ఫొటోలో మూతి ముడుచుకు కూర్చున్న పెదనాన్నకి ఇంకో ఫొటోలోంచి నవ్వు తెచ్చి అతికించడం ఆమె పని. ఆ పెదనాన్న తర్వాత ఆ ఫొటో చూసుకుని "ఆ రోజు నేనెంత సరదాగా ఉన్నానో చూశారా" అని మురిసిపోయాడట. ఆ సంగతి విని ఆమె కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు రెడీగా ఉండేది. "ఊళ్లోవాళ్ల మొహాలు దిద్దడానికే పొద్దు చాలట్లేదు. ఇంకొకడిని తెచ్చుకుని వాడి మొహం కూడా నన్నే దిద్దమంటారా?" అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. అసలు కారణం అది కాదు. ఒక్కగానొక్క అన్న జ్వరమని ఆసుపత్రిలో చేరి, తిరిగి రాలేదు. అప్పటికి వదినకు నెలలు నిండుతున్నాయి. ఆ మనిషిని, ఆ కడుపులో బిడ్డను వదిలి తన దారి తాను చూసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. అలా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి, దాస్తే ముందుకు నడవదు. వాళ్లింటి ముందుగదిలో గోడకి ఒక పెద్ద ఫొటో ఉంది. వదిన కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్లో పసిబిడ్డ. వెనక అన్న నిలబడి, ముందుకి వంగి, బిడ్డకు వేలు అందిస్తున్నాడు. ఆ వేలిని బిడ్డ పిడికిలితో గట్టిగా పట్టుకుంది. చూసినవాళ్లు ఎవరైనా "ఎంత చక్కగా ఉన్నారమ్మా ముగ్గురూ" అనాల్సిందే. ఆ ఫొటో మొత్తం అబద్ధం. బిడ్డ పుట్టేసరికే అన్న లేడు.

బిడ్డ పుట్టిన కొత్తలో వదిన దాన్ని ఎత్తుకునేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఏడిస్తే ఆడపడుచే పాలు పట్టాలి, ఆడపడుచే జోకొట్టాలి. గాలి మారితే మనసు మారుతుందేమోనని ఒకరోజు ఇద్దరినీ బతిమాలి స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయించింది. ఆ ఫొటోలో వదిన మొహం చూస్తే ఆమెకే దుఃఖం ఆగలేదు. ఒళ్లో బిడ్డ ఉన్నట్టే తెలియని మొహం. వెనక ఖాళీ తెర. అప్పుడు ఆమెకు తోచింది ఒక్కటే. తనకు చేతనైన పని తాను చేసింది. పెళ్లి ఫొటోలోంచి అన్న మొహం తెచ్చింది, ఇంకోదాంట్లోంచి భుజాలూ చెయ్యీ తెచ్చింది, నీడ తెరమీద పడేలా పడుకోబెట్టింది. తెచ్చి వదిన చేతిలో పెట్టింది. వదిన చాలాసేపు చూసి, భోరుమని ఏడ్చి, పక్కలో ఉన్న బిడ్డను మొదటిసారి తనంతట తాను ఎత్తుకుంది. "మీ నాన్నే... చూడు" అంది.

అక్కడితో ఆగితే అది మందే. ఆగలేదు. పిల్లకు మాటలొచ్చాయి. "నాన్న నన్ను ఎత్తుకున్నాడా?" అని అడిగింది. "దింపితేగా!" అంది వదిన. ఆ ఒక్క మాటా పిల్లతోపాటే పెరిగింది. నాన్న నీకు స్నానం చేయించేవాడు, నాన్న నిన్ను భుజంమీద వేసుకుని వీధి చివరిదాకా తిప్పేవాడు, నీకు కొన్ని నెలలు నిండాక పోయాడు. అప్పటికి ఇల్లు మారారు, కాదనే చుట్టాలూ ఇరుగుపొరుగూ లేరు. "అది పెద్దదయ్యాక నేనే చెప్తా, నువ్వు మాత్రం నోరు విప్పకు" అని వదిన ఆడపడుచు చేత ఒట్టు వేయించుకుంది. ఎంత పెద్దదయ్యాక అన్నది ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పిల్ల కళ్లు తెరిచింది మొదలు కబుర్లే కబుర్లు. అందుకే అత్త దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. వెళ్లేముందు గోడవైపు తిరిగి "నాన్నా, వెళ్లొస్తా" అంటుంది, పరీక్ష బాగా రాయకపోతే "అమ్మకి చెప్పకు" అంటుంది. స్నేహితులు వస్తే ఆ ఫొటో దగ్గర నిలబెట్టి, "మొహం గుర్తులేదు గానీ, ఆ వేలు మాత్రం నాకు గుర్తుంది" అని చెబుతుంది. అది అలా అన్నప్పుడల్లా తల్లి వంటింట్లోకి పోయేది, మేనత్త చెప్పులు వెతుక్కునేది.

ఇలా ఉండగా స్టూడియో మూతపడింది. అందరి చేతుల్లోనూ ఫోన్లే, ఫోన్లోనే మొహాలు తెల్లబడుతున్నాయి, ఇక స్టూడియోకి వచ్చేదెవరు? ఓనరు చాలా మర్యాదగా చెప్పాడు, టీ కూడా తెప్పించాడు. మర్యాదగా చెప్పినంత మాత్రాన మింగుడుపడే మాట కాదది. ఆమెకు ఇంకో పని రాదు. ఇంకో పని నేర్చుకునే వయసు దాటిపోయిందని ఆమె నమ్మకం.

పాత కస్టమరు ఒకాయన దారి చూపించాడు. వేరే ఊళ్లో ఒక ఆఫీసు ఉంది, చిరిగిన ఫొటోలు, వెలిసిపోయిన ఫొటోలు బాగుచేయించి పంపుతారు, ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. ఆ ఆఫీసు మేనేజరు ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "మీ పనంతా ఒక వెబ్‌సైట్లో పెట్టి లింకు పంపండమ్మా. ముందు ఎలా ఉంది, మీ చెయ్యి పడ్డాక ఎలా అయింది, రెండూ కనపడాలి" అన్నాడు.

ఇంటికొచ్చి చతికిలబడింది. "లింకు కావాలట. నా దగ్గర చేతులున్నాయి గానీ లింకెక్కడిదే?"

"నేనున్నాగా అత్తా!" అంది పిచ్చుక. కాలేజీలో వాళ్లకి ఆ పాఠమే జరుగుతోంది. అప్పటికప్పుడు వంటింట్లోకి వెళ్లి చిన్నవీ పెద్దవీ డబ్బాలన్నీ తెచ్చి భోజనాల బల్లమీద పేర్చింది.

"ముందు ఒకటి తెలుసుకో. పేజీ అంటే డబ్బాలే. నీ పేరొక డబ్బా, ఫొటో ఒక డబ్బా, ఫోన్ నంబరొక డబ్బా. వీటిని ఎక్కడ ఎలా సర్దాలో చెప్పేదే సీఎస్ఎస్. ఇదిగో, ఇలా వరసలో నిలబెట్టి, మధ్యలో ఎంతెంత ఎడం ఉండాలో చెప్తే అది ఫ్లెక్స్. అదే బీరువాలా అరలు గీసుకుని, ఏ డబ్బా ఏ అరలోకో చెప్తే అది గ్రిడ్."

"నా డబ్బాలన్నీ ఇక్కడ పరిస్తే నేను వంటెక్కడ చేసుకోవాలి? ఆ కంప్యూటర్లోనా?" అని వంటింట్లోంచి వదిన కేక.

అత్త నవ్వలేదు. అరలవైపే చూస్తోంది. "ఒకే అరలో రెండు డబ్బాలు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు, ఒకదానిమీద ఒకటి. పైది కనపడుతుంది, కిందది కనపడదు."

"కనపడకపోయినా ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"అయితే ఇవి మా లేయర్లేగా!" అంది ఆమె. స్టూడియో పనిలో అంతే. ఒక బొమ్మమీద ఇంకో బొమ్మ, దానిమీద ఇంకోటి. అడుగుదాన్ని ఎప్పుడూ చెరపకూడదు, కప్పిపెట్టాలి. కస్టమరు మళ్లీ వచ్చి "కోటు వద్దు, పాత చొక్కాయే బాగుంది" అంటే తీసివ్వాలి కదా. ఇన్నేళ్లలో ఆమె ఏదీ చెరిపిన పాపాన పోలేదు.

నేర్చుకోవడం అనుకున్నంత సులువేం కాలేదు. ఎక్కడో ఒక చుక్క మర్చిపోతే పేజీ మొత్తం ఎడమవైపుకి ఒరిగి కూర్చునేది. "ఒక్క చుక్కకి ఇంత అలకా దీనికి?" అని విసుక్కునేది. "నీకంటే నయం అత్తా, నువ్వు చుక్క లేకుండానే అలుగుతావు" అనేది పిచ్చుక. సాయంత్రం అది కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె ఏదో ఒకటి చెడగొట్టి ఎదురుచూస్తూ ఉండేది. ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం సర్దుకుని కూర్చునేవాళ్లు. ఉద్యోగం పోయిందన్న బెంగ ఆ కాస్సేపూ ఆమెకు గుర్తొచ్చేది కాదు. ఆ రోజుల్లో ఆమె సంతోషంగానే ఉందని చెప్పాలి.

కంప్యూటర్లో ముచ్చటగా ఉన్న పేజీ ఫోన్లో తెరిస్తే సగం బయటికి పోయింది. పాత ఫొటో కనపడుతోంది, పక్కన ఉండాల్సిన కొత్త ఫొటో గోడ దాటి వెళ్లిపోయింది. "ఫోన్లో పక్కన అనేది ఉండదత్తా. పైనా కిందా, అంతే. తెర సన్నగా ఉంటే ఒకదాని కింద ఒకటి రమ్మని రాయాలి" అని పిల్ల దిద్దించింది. ఫొటోల బరువు కూడా తగ్గించమంది. "నువ్వు గోడకి అచ్చేసే సైజులో పెడుతున్నావు. మనింట్లో నెట్టు నత్తలా నడుస్తుంది, అవి ఎప్పటికి రావాలి?" ఆమె ఒక్కొక్కటే తీసి బరువు దించింది. దించిన ప్రతి ఫొటోలోనూ కొంత నునుపు పోయిందని సణిగింది.

అన్నీ ఒక కొలిక్కి వచ్చాక పిల్ల అడిగింది. "మన ఫొటో పెట్టవేంటత్తా?"

"ఇంటి ఫొటో బజార్లో ఎందుకే?"

"మీ స్టూడియోలో తీసిందేగా. నువ్వే దానికి రంగులూ అవీ సరిచేశావని అమ్మ చెప్పింది. నువ్వు చేసినవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు. పైగా నాన్న ఉంటాడు." పిల్ల గొంతులో ఉబలాటం. వెనకనుంచి వదిన కళ్లతోనే వద్దని చెప్పింది. చూద్దాంలే అని ఆమె మాట దాటేసింది.

దాటేసింది గానీ, ఆ మాట లోపల మెదులుతూనే ఉంది. పేజీలో పెట్టినవన్నీ తిప్పి తిప్పి చూసుకుంది. మరకలు పోయిన మొహాలు, అతికిన చిరుగులు. ఇవి ఎవరైనా చేస్తారు. అన్న ఫొటో ఎవరూ చేయలేరు. పెళ్లి ఫొటోలో వెలుతురు ఒకవైపు నుంచి, స్టూడియోలో ఇంకోవైపు నుంచి. ఆ రెండింటినీ ఒక్కటి చేయడానికి ఆమె పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. పని అంత బాగా కుదిరింది కాబట్టే దాన్ని పని అని ఎవరూ అనుకోలేదు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు "భలే చేశావు" అనలేదు. అనడానికి వీల్లేని పని అది. అయినా ఒక్కడికైనా, మొహం తెలియని ఆ మేనేజరుకైనా చూపించాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. అందులో తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు.

పిల్ల కాలేజీకి, వదిన తాను పనిచేసే బట్టల షాపుకి వెళ్లాక, ఒక పగలంతా కూర్చుని ఉపాయం చేసింది. చివరి అరలో రెండు ఫొటోలూ పెట్టింది, ఒకదానిమీద ఒకటి. అడుగున, స్టూడియోలో తీసినది, తెర ముందు తల్లీబిడ్డా మాత్రమే. పైన, అన్న ఉన్నది. మౌసు తీసుకెళ్లి పెడితే పై ఫొటో పక్కకి తప్పుకుంటుంది, అదీ మౌసు ఉన్న కంప్యూటర్లో మాత్రమే. ఫోన్లో వేలితో ఎంత నొక్కినా కదలదు. పేజీ కట్టడం అయిపోయింది కాబట్టి పిల్ల ఇక చూసేది ఫోన్లోనే. మేనేజరుకి మాత్రం ఒక ముక్క రాసి పంపింది, చివరి ఫొటోమీద మౌసు పెట్టి చూడండి అని. అన్ని వైపులా తలుపులు వేశానని అనుకుంది.

రెండు పనులు మాత్రం చేయలేదు. పై ఫొటో బరువు తగ్గించబోతే అన్న కళ్ల దగ్గర మసక వచ్చింది. చెయ్యి రాక, అచ్చువేసే సైజులోనే ఉంచేసింది. అడుగు ఫొటో మాత్రం ఎప్పటిదో చిన్న కాపీ, తేలిక. రెండోది, నెట్టుమీద తెరిచి చూడలేదు. తన కంప్యూటర్లోనే ఉన్న ఫైళ్లు కాబట్టి ఆమెకు రెండూ ఒక్కసారే వచ్చాయి. అంతా బాగానే ఉందనుకుని లేచి టీ పెట్టుకుంది.

మన ఫొటో పెట్టానని చెప్పగానే పిచ్చుక ఎగిరి గంతేసింది, ఆదివారం ముగ్గురం కలిసి చూద్దామంది. వదిన మాత్రం ఆడపడుచును వంటింట్లోకి లాక్కెళ్లి, గొంతు తగ్గించి నిలదీసింది. "నీకేమైనా మతిపోయిందా?"

"పైదొక్కటే కనపడుతుంది వదినా. నేను చూసుకున్నాగా."

"ఏమో. నాకైతే గుండె దడగా ఉంది. ఇప్పుడు తీసెయ్యమంటే ఎందుకని అడుగుతుంది అది." ఇద్దరూ అక్కడితో వదిలేశారు.

ఆదివారం పొద్దున పిచ్చుక ఫోను తెచ్చి తల్లినీ అత్తనీ చెరోపక్క కూర్చోబెట్టుకుంది. "అమ్మా, ఇప్పుడు చూడు మీ ఆడపడుచు గొప్పతనం" అని పేజీ తెరిచింది. పైన పెద్ద అక్షరాల్లో టచప్ అక్క. కిందికి జరుపుతుంటే ఒక్కొక్క ఫొటో, దాని కిందే బాగుచేసిన ఫొటో. చిరిగిన తాతయ్య, చిరుగుపోయిన తాతయ్య. వదిన కూడా మనసారా మెచ్చుకుంది. నెట్టు ఎప్పటిలాగే నెమ్మది. చివరి అర దగ్గరికి వచ్చారు.

ముందు అడుగు ఫొటో వచ్చింది.

కుర్చీ, తెర, వదిన. ఒళ్లో బిడ్డ. వెనక ఎవరూ లేరు. బిడ్డ పిడికిలి గాల్లో ఉంది, దాంట్లో ఏమీ లేదు.

పిచ్చుక ఫక్కున నవ్వింది. "నాన్న ఇంకా రాలేదు! ఇదేంటత్తా, నాన్న లేకుండా ఎలా వచ్చింది?"

అంతలో పైనుంచి రెండో ఫొటో సన్నని పట్టీలా దిగడం మొదలైంది. జుట్టు వచ్చింది. కాసేపు ఆగింది. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. ముక్కు దగ్గర నెట్టు ఆగిపోయింది. ఫోనుమీద సగం మొహం, దాని కింద ఖాళీ. అత్త చెయ్యి చాపి ఫోను అందుకోబోయింది. పిల్ల ఫోను పక్కకి జరుపుకుని చూస్తూనే ఉంది. గడ్డం వచ్చింది, భుజాలు వచ్చాయి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నిటికన్నా ఆఖర్న చెయ్యి దిగింది, ఖాళీగా ఉన్న పిడికిట్లోకి వేలు వచ్చింది. ఇప్పుడు గోడమీద ఉన్న ఫొటో, చేతిలో ఉన్న ఫొటో ఒకటే.

ఆ ఇంట్లో పిచ్చుక మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

"కింద ఇంకో ఫొటో ఎందుకుంది?" అంది చివరికి.

"అదేం లేదమ్మా, నెట్టు..." అని వదిన మొదలుపెట్టింది.

"నేనే పెట్టానే" అంది అత్త. ఇక అబద్ధం ఆడే ఓపిక ఆమెకు లేదు.

"నాన్నని ఎక్కడినుంచి తెచ్చావు?"

"పెళ్లి ఫొటోలోంచి."

పిల్ల తల్లివైపు తిరిగింది. "నన్ను ఎత్తుకునేవాడు, దింపేవాడు కాదన్నావు."

వదిన చీరచెంగు నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది.

"ఒక్కసారి కూడానా?"

"నువ్వు పుట్టేసరికే లేడమ్మా."

పిచ్చుక అరవలేదు, ఏడవలేదు. ఫోను బల్లమీద పెట్టి లేచి వెళ్లి, కాళ్లు ముడుచుకుని పడుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది. అత్త వెనకే వెళ్లి అది చూసింది. తల్లికి ఏ జబ్బు మాన్పాలనుకుందో ఆ జబ్బే తెచ్చి కూతురికి అంటించింది.

ఆ రోజే పేజీలోంచి రెండు ఫొటోలూ తీసేసింది. కప్పిపెట్టలేదు, చెరిపేసింది. తర్వాత మేనేజరు ఫోన్ చేశాడు. "చివరి ఫొటోమీద మౌసు పెట్టమన్నారు. అక్కడ ఏం లేదే?"

"తీసేశానండి."

"మిగతావి బాగానే ఉన్నాయమ్మా. కానీ ఇలాంటివి చేసేవాళ్లు మాకు ఉన్నారు. ఏదైనా ప్రత్యేకంగా ఉంటే పంపండి."

"లేదండి, అలాంటిదేం లేదు" అని పెట్టేసింది. ఆ పని మళ్లీ ఆమె దగ్గరికి రాలేదు. జిరాక్స్ షాపులో కూర్చోవడానికి కుదిరింది, అక్కడ మొహాలు దిద్దే పని లేదు.

ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగేవి. పిల్ల వేళకి తినేది, వేళకి వెళ్లేది. వెళ్లేముందు గోడవైపు తిరిగేది కాదు. ఫొటో తీసెయ్యమనీ అనలేదు. అరిచినా బాగుండేది. "నాలుగు తిట్టవే" అని ఆమె ఒకసారి బతిమాలింది. "ఏమని తిట్టాలి?" అంది పిల్ల. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి భోజనాల బల్లమీద ఫొటోలు పరిచి ఉన్నాయి. బీరువాలో ఉన్న వాళ్ల నాన్న ఫొటోలన్నీ తీసి, పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"వీటిలో ఏవి నిజం అత్తా?"

"అన్నీ నిజమేనే. మీ నాన్నే."

"నువ్వు ముట్టుకోనివి చెప్పు."

ఆమె ఒక్కొక్కటే చూసింది. పెళ్లి ఫొటో, అందులో వెనక తెర మార్చింది. కాలేజీ ఫొటో, మొటిమలు తీసేసింది. ఆఫీసు కార్డుమీది ఫొటో, జుట్టు సర్దింది, కాలరు సర్దింది. అన్న పోయాక స్టూడియోలో పని లేనప్పుడల్లా వాడి ఫొటోలు తెరుచుకుని కూర్చునేది. చెయ్యి ఊరుకోదు కదా, ఎక్కడో ఒకచోట సవరించేది. ప్రేమకొద్దీ చేసింది. ఇప్పుడు ఒక్కొక్కటీ తీసి ఇదీ ముట్టుకున్నాను, ఇదీ ముట్టుకున్నాను అని చెప్పుకోవాల్సొచ్చింది.

"మొహం మాత్రం వాడిదేనే. ఒట్టు."

"మీ నాన్నేనమ్మా, నేను చెప్తున్నాగా" అంది గుమ్మంలోంచి వదిన.

"నువ్వు చెప్పకమ్మా" అంది పిల్ల. గొంతు పెంచలేదు. "నాన్నని చూసింది మీరిద్దరే. మీరు చెప్తే నేను నమ్మలేను, ఇంకెవర్ని అడగాలో నాకు తెలీదు."

ఉన్నాడని చెప్పడానికి మిగిలిన మనుషులు ఇద్దరు, ఇద్దరి మాటా చెల్లకుండా పోయింది. తన అన్న అప్పుడు ఒకసారి పోయాడు, ఇప్పుడు తన చేతులమీదుగా ఇంకోసారి పోతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ కుప్పంతా మళ్లీ వెతికింది. అట్టడుగున, ఒక పాత కవర్లో, అరచేతిలో పట్టేంత ఫొటో దొరికింది. పిట్టగోడమీద కూర్చున్న కుర్రాడు. తీసినవాళ్ల చేతివేలు ఒక మూల అడ్డం పడింది. చొక్కా నలిగి ఉంది. బాగా రాలేదని ఎప్పుడో పక్కన పడేసినది.

"ఇది. ఇది నేను ముట్టుకోలేదు."

"ఎలా నమ్మను?"

"కళ్లు చూడు."

పిల్ల ఫొటోని దగ్గరికి తెచ్చుకుంది. సరిగ్గా తీసే సమయానికి రెప్ప పడింది. కుర్రాడు నవ్వుతున్నాడు, రెండు కళ్లూ మూసుకుపోయి ఉన్నాయి.

"మా పనిలో కళ్లు మూసిన ఫొటో వస్తే ముందు చేసేది కళ్లు తెరిపించడం. ఇంకోదాంట్లోంచి కళ్లు తెచ్చి పెడతాం. ముట్టుకుని ఉంటే మీ నాన్న కళ్లు ఇలా వదిలేసేదాన్నా నేను?"

పిల్ల ఆ మూసుకున్న కళ్లమీద వేలు పెట్టి చూసింది. నమ్మిందని దాని మొహంలోనే తెలిసింది. నమ్మినందుకు సంతోషించాల్సిన మేనత్తకు ఆ మొహం చూస్తే గుండె అవిసిపోయింది.

"అయితే నాకు మిగిలిన నాన్న నన్నే కాదు, ఎవర్నీ చూడట్లేదు" అంది పిల్ల.

పిల్ల ఫొటోని అత్తవైపు తిప్పింది.

"నువ్వు తెరిపించగలవా అత్తా?"

"గలను."

పిల్ల ఫొటోని పుస్తకంలో పెట్టుకుని, ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు" అని లోపలికి వెళ్లిపోయింది.